ముందు సంఖ్య చేతికి రావాలి

కొండపల్లి

చి. బుజ్జమ్మకు,

నీ ఉత్తరం అందింది. అన్నయ్యకు కూడా చదివి వినిపించాను. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీకి సంఖ్యా వలయాల బీజీయ కే-సిద్ధాంతం తీసుకోవాలని ఉందనీ, దానికి హోమోటోపీ సిద్ధాంతం మొత్తం నేర్చుకోవాలంటున్నారనీ, రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టవుతుందేమోనని భయంగా ఉందనీ రాశావు. నా జవాబు ముందే చెప్పేస్తాను. తీసుకో. ఇంత లోతైన విషయం మీద ఇరవై రెండేళ్ళ వయసులో మనసు పడటమే పెద్ద అదృష్టం. అయితే ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకో: ఏ యంత్రాన్ని నేర్చుకున్నా, అది ఒక సంఖ్యను తెచ్చి నీ చేతిలో పెట్టేదాకా దాన్ని నేర్చుకున్నానని అనుకోకు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే.

మొదటి మెట్లు నీకు తెలిసినవే. పూర్ణాంకాలకు √−5 కలిపితే 6 అనే సంఖ్య 2×3 గానూ, (1+√−5)(1−√−5) గానూ రెండు రకాలుగా విడిపోతుంది. ఆ లోకం ఎంత దారి తప్పిందో కొలిచేది ఐడియల్ వర్గాల సమూహం. కే-సున్నాలో ఉన్నది ర్యాంకూ, ఈ సమూహమే. కే-1 అంటే విలోమం ఉన్న సంఖ్యలు. √92 కలిపిన లోకంలో 1151+120√92 అలాంటిది. 1151 వర్గంలోంచి 120 వర్గానికి 92 రెట్లు తీసేస్తే సరిగ్గా 1 మిగులుతుంది. ఇది బ్రహ్మగుప్తుడు 628 నాటి గ్రంథంలోనే చేసిన లెక్క. ఇక్కడిదాకా పాత అంకగణితమే, భయపడాల్సిందేమీ లేదు.

అసలు సంగతి కే-2 దగ్గర మొదలవుతుంది. నీ దగ్గర కాగితం, కలం పెట్టుకో. మొదటి వరుస 1, 1, రెండో వరుస 0, 1 ఉన్న మాత్రిక ఒకటి. మొదటి వరుస 1, 0, రెండో వరుస −1, 1 ఉన్నది ఇంకొకటి. మొదటిది, రెండోది, మళ్ళీ మొదటిది, ఈ వరుసలో గుణించు. మొదటి వరుస 0, 1, రెండో వరుస −1, 0 వస్తుంది. అంటే తలాన్ని తొంభై డిగ్రీలు తిప్పే మాత్రిక. దాన్ని నాలుగుసార్లు చేస్తే పూర్తి చుట్టు తిరిగి, ఏమీ చేయనట్టే అవుతుంది.

ఇప్పుడు ఒక వరుసకు ఇంకో వరుసను కలిపే ప్రాథమిక మాత్రికలను తీసుకో. మూడు వరుసలు, అంతకన్నా ఎక్కువ వరుసలు ఉన్నవే తీసుకోవాలి. ఏ వలయంలోనైనా అవి తప్పక పాటించే నియమాలను మాత్రం ఉంచి, మిగతావి మరిచిపోయి ఒక సమూహం కట్టు. దాన్ని స్టైన్‌బర్గ్ సమూహం అంటారు. అందులో పైన చెప్పిన లెక్క నాలుగుసార్లు చేస్తే ఏమీ చేయనట్టు కాదు! ఎనిమిదిసార్లు చేస్తేనే అవుతుంది. మాత్రికల్లో కనపడకుండా జారిపోయి, నియమాల్లో మాత్రం దాగి ఉన్న ఆ తేడాయే పూర్ణాంకాల కే-2. అందులో ఉన్నవి రెండే మూలకాలు. ఈ నిరూపణ మిల్నర్ 1971 పుస్తకంలో ఉంది. దాన్ని చూడకుండా చేయగలిగేదాకా చేయి.

ఇందులో హోమోటోపీ ఎక్కడుందంటావా? అరచేతిలో పళ్ళెం పెట్టుకుని, దాన్ని పడిపోనివ్వకుండా చంక కిందుగా ఒక పూర్తి చుట్టు తిప్పు. పళ్ళెం మొదటిలాగే ఉంటుంది కానీ చెయ్యి మెలిపడి ఉంటుంది. అదే దిశలో తల మీదుగా ఇంకో చుట్టు తిప్పితే చెయ్యి మామూలుగా వచ్చేస్తుంది. మూడు కొలతల్లో ఒక చుట్టు భ్రమణాన్ని తెంపకుండా కుదించి మాయం చేయలేం, రెండు చుట్లను చేయగలం. ఇది టోపాలజీ చెప్పే సంగతి. పూర్ణాంకాల మాత్రికల్లో నాలుగుకీ ఎనిమిదికీ ఉన్న తేడా, చేతిలోని పళ్ళెం ఒక చుట్టుకీ రెండు చుట్లకీ ఉన్న తేడా ఒక్కటే. పోలిక కోసం చెప్పట్లేదు, నిజంగా ఒక్కటే. పూర్ణాంకాల మాత్రికలు వాస్తవ సంఖ్యల మాత్రికల్లో ఉన్నాయి కాబట్టి ఒకటి ఇంకొకటిగా మారుతుంది. రెండు పడవలన్నావే, అవి రెండు కావని ఈ ఒక్క లెక్కతో నీకే తెలుస్తుంది.

అదే రెండు ఇంకో దారిలో కూడా వస్తుంది. 1913 ఫిబ్రవరి 27న రామానుజన్ హార్డీకి రాసిన ఉత్తరంలో 1+2+3+… మొత్తం −1/12 అని ఉంది. దాని అసలు అర్థం, జీటా ప్రమేయానికి −1 దగ్గర విలువ −1/12 అని. ఇక 24 సంగతి చూడు. 24తో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని ఏ సంఖ్య వర్గాన్నైనా 24తో భాగిస్తే 1 మిగులుతుంది. 5 వర్గం 25, 7 వర్గం 49, 11 వర్గం 121. ఆ గుణం ఉన్న సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది 24. దాన్ని 1/12తో గుణిస్తే 2. కే-2లో ఎన్ని మూలకాలున్నాయో అంత. పూర్తిగా వాస్తవమైన సంఖ్యా క్షేత్రాల వలయాలన్నిటికీ ఇలాంటి సంబంధమే ఉంటుందని బిర్చ్, టేట్ ఊహించారు. దానికి అన్నిటికన్నా సులువైన ఉదాహరణ ఇదే. మాత్రికల దారిలో రెండు, పళ్ళెం తిప్పినా రెండు, జీటా ప్రమేయంలోంచీ రెండు. ఇది నీకు ఒళ్ళు గగుర్పాటు తెప్పించకపోతే వేరే విషయం తీసుకో. తెప్పిస్తే ఇక ఎవరి సలహా అక్కర్లేదు.

కే-2 తర్వాత ఏం చేయాలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1957లో గ్రోతెన్‌డీక్ కే-సున్నాను మొదలుపెట్టాడు. కే-1 బాస్ కట్టాడు, కే-2 మిల్నర్ ఇచ్చాడు. ఆ పైన కే-3, కే-4 అనదగ్గవి ఏవి? 1970 ప్రాంతంలో డానియల్ క్విలెన్ దారి చూపించాడు. విలోమం ఉన్న మాత్రికలన్నిటినీ కలిపి ఒక ఆకారంగా కట్టి, దాని హోమాలజీ చెదరకుండా కొంచెం సవరించి, ఆ ఆకారంలోకి గోళాలను ఎన్ని విధాలుగా పంపవచ్చో లెక్కపెట్టమన్నాడు. తెంపకుండా ఒకదాన్ని ఇంకొకటిగా సాగదీయగలిగితే ఆ రెండూ ఒకటే. అలా దొరికే సమూహాలే కే-సమూహాలు. వెంటనే పరిమిత క్షేత్రాలకు వాటన్నిటినీ లెక్కకట్టి చూపించాడు. 5 మూలకాల క్షేత్రానికి కే-1లో 4, కే-3లో 24, కే-5లో 124 మూలకాలుంటాయి. 5 ఘాతాల్లోంచి ఒకటి తీసేయడమే! ధన సరి స్థానాల్లో ఏమీ ఉండదు. 1978లో అతనికి ఫీల్డ్స్ పతకం వచ్చింది. నువ్వు హోమోటోపీ నేర్చుకోవాల్సింది అతను ఈ లెక్క ఎలా కట్టాడో అర్థం చేసుకోవడానికే. బాట్ ఆవర్తనం, ఆడమ్స్ క్రియలు అనే మాటలు నిన్ను బెదిరిస్తున్నాయి కదా, అవి అక్కడ 124 తెచ్చి ఇస్తాయి. అందుకోసం నేర్చుకో.

పూర్ణాంకాల దగ్గరకొస్తే ఇంత సులువు కాదు. కే-3 సంగతే తీసుకో. వరుసలు తారుమారు చేసే మాత్రికలు మాత్రమే తీసుకుని క్విలెన్ పద్ధతి నడిపితే గోళాల స్థిర హోమోటోపీ సమూహాలు వస్తాయి. మూడోదాంట్లో 24 మూలకాలున్నాయి. అవి పూర్ణాంకాల కే-3లోకి చెక్కుచెదరకుండా వస్తాయి. పైన ఇంకో 2 మిగులుతుంది. అయితే ఆ 24, ఈ 2 పక్కపక్కన విడివిడిగా ఉన్నాయా, కలిసి 48 మూలకాల ఒకే చక్రీయ సమూహం అయ్యాయా? మన బొమ్మల కాలనీలో తెల్లపొణికి చెక్కతో తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కదా. ముక్కలు లెక్కపెడితే బొమ్మ తెలియదు, అతుకు ఎలా పడిందో చూడాలి. లీ, జర్బా 1976లో ఆ అతుకును తేల్చారు. కే-3 నలభై ఎనిమిది మూలకాల చక్రీయ సమూహం. ఈ రంగంలో సగం శ్రమ అతుకుల దగ్గరే ఉంటుంది. ముక్కలు తెలిశాయి, పనైపోయిందనే వాళ్ళను నమ్మకు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పట్టిక చెబుతాను. నోటు పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకో. కే-2లో 2, కే-3లో 48. కే-6లో 1, కే-7లో 240. కే-10లో 2, కే-11లో 1008. ప్రతి జతలోనూ మొదటి సంఖ్యను రెండోదానితో భాగించు. 1/24, 1/240, 1/504 వస్తాయి. జీటా ప్రమేయానికి −1, −3, −5 దగ్గర విలువలు, గుర్తులు వదిలేస్తే, 1/12, 1/120, 1/252. ప్రతిసారీ సరిగ్గా సగం! ఆయిలర్ 18వ శతాబ్దంలో కట్టిన విలువలవి. ఇలా ఉంటుందని, 2 ఘాతాల తేడా వదిలేసి, లిక్టెన్‌బామ్ 1973లో ఊహించాడు. అప్పటికి ఈ సమూహాల్లో చాలావాటి పరిమాణం ఎవరికీ తెలియదు. పూర్ణాంకాల విషయంలో అది నిజమని తేలడానికి 1984లో మేజుర్, వైల్స్ నిరూపించిన అంకగణిత సిద్ధాంతం కావాలి, వొయెవోద్‌స్కీ, రోస్ట్‌లు హోమోటోపీ పద్ధతులను బీజగణితానికి తెచ్చి సాధించిన సిద్ధాంతమూ కావాలి. ఒక్క చేత్తో ఎత్తలేని బరువది.

ఇదే పట్టిక పొడిగిస్తే కే-22లో 691 మూలకాలు, కే-23లో 65520. 691 అనగానే నీకు రామానుజన్ గుర్తుకు రావాలి. ఆయన టావ్ ప్రమేయానికి 2 దగ్గర విలువ −24. 2 యొక్క పదకొండో ఘాతానికి 1 కలిపితే 2049. తేడా 2073, అంటే 691కి మూడు రెట్లు. ఏ ప్రధాన సంఖ్య తీసుకున్నా ఇలాగే 691 భాగిస్తుందని ఆయన కనుక్కున్నాడు. ఆ 691 బెర్నూలీ సంఖ్యల్లోంచి వచ్చింది, అక్కడినుంచే కే-22లోకీ వచ్చింది. పెద్ద పెద్ద పేర్ల సిద్ధాంతాలు చదువుతున్నప్పుడు దారి తప్పినట్టనిపిస్తే ఈ 691 దగ్గరికి తిరిగిరా.

మన నేల మనిషి పని కూడా ఈ రంగం పునాదిలో ఉందని నీకు తెలియాలి. ఎం.ఎస్. రఘునాథన్ 1941లో అనంతపురంలో పుట్టారు. బొంబాయి టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థలో పనిచేశారు. అంకగణిత సమూహాలకు సంబంధించిన ఆకారాలు అనంతంగా సాగినా, వాటిని అంచున్న ఒక పరిమిత ఆకారంగా కుదించవచ్చని ఆయన 1968లో నిరూపించారు. అలాంటి సమూహాల హోమాలజీ అదుపులో ఉంటుందని దాంతో తెలిసింది. ఆ తర్వాత బోరెల్, సెర్ అదే దారిలో ఇంకా లోతుకు వెళ్ళారు. సంఖ్యా వలయాల కే-సమూహాలన్నీ పరిమితంగా ఉన్న మూలకాల నుంచే పుడతాయని క్విలెన్ 1973లో చూపించింది ఇలాంటి సిద్ధాంతాల ఆధారంగానే. వాటిలో అనంత భాగం ఎంతో బోరెల్ 1974లో లెక్కగట్టాడు. పూర్ణాంకాలకైతే కే-5, కే-9, కే-13 ఇలా నాలుగేసి స్థానాలకొకసారి ఒక్కో అనంత చక్రీయ భాగం వస్తుంది. అనంతపురంలో పుట్టిన మనిషి ఈ దారిలో తొలి రాళ్ళు వేశారు. బెజవాడ పక్కన పుట్టిన పిల్లకు ఇది దూరపు విషయమని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పు.

తేలని సంగతులు కూడా చెప్పాలి. కే-4 సున్నా అని రోగ్‌నెస్ 2000లో నిరూపించాడు. కే-8 సున్నా అని తేలింది 2019లో. దానికి వొరొనాయ్ నాటి వర్గ రూపాల సిద్ధాంతం, కంప్యూటర్ మీద భారీ లెక్కలు రెండూ పట్టాయి. నాలుగు గుణిజాల స్థానాలన్నీ, అంటే కే-4, కే-8, కే-12 మొదలైనవన్నీ, సున్నాలేనా? ఈ ప్రశ్న, ప్రధాన సంఖ్యల గురించి వాండివర్ పేరు మీదున్న ఊహ ఒకటేనని కురిహారా 1992లో చూపించాడు. ఆ ఊహ 2 యొక్క 31వ ఘాతం లోపలి ప్రధాన సంఖ్యలన్నిటికీ సరిచూశారు. నిరూపణ మాత్రం లేదు. ఈ మధ్య ఉపకారం ఎదురు దిక్కునా సాగుతోంది. హోమోటోపీలో రావెనెల్ 1984లో చేసిన టెలిస్కోప్ ఊహ తప్పని 2023లో నలుగురు గణితజ్ఞులు చూపించారు, బీజీయ కే-సిద్ధాంతం సాయంతో.

చదువు సంగతి. ముందు మిల్నర్. దానితోపాటే హాచర్ టోపాలజీ పుస్తకం, అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బాస్ టాటా సంస్థలో ఇచ్చిన ఉపన్యాసాల నోట్సు 1967లో అచ్చయింది, అదీ ఉచితమే. తర్వాత టాటా సంస్థలోనే పనిచేసిన వి. శ్రీనివాస్ రాసిన పుస్తకం. క్విలెన్ పద్ధతులు భారతీయ విద్యార్థి మెల్లగా నేర్చుకోవడానికి దానికన్నా మంచిది నాకు కనపడలేదు. వైబెల్ పుస్తకం పక్కన పెట్టుకో, పట్టికలకు అది కావాలి. లూరీ అనంత వర్గాల గ్రంథాలతో మాత్రం మొదలుపెట్టకు. మొదటిదే తొమ్మిదివందల పేజీలు దాటుతుంది. ఈ రోజుల్లో పిల్లలు ఆ భాషలో ధారాళంగా మాట్లాడుతూ, కే-3 ఎంతో అడిగితే తడుముకుంటున్నారు. ఆ భాష అవసరమే, దాన్ని తక్కువ చేయను. 48 నీ చేతికి వచ్చాక నేర్చుకో, అప్పుడు త్వరగా వస్తుంది. పారీ, సేజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకో. ఐడియల్ వర్గ సమూహాలూ బెర్నూలీ సంఖ్యలూ వాటితో రోజూ వేసి చూస్తూ ఉండు.

బెజవాడలో ఇంటర్ చదివిన రెండేళ్ళూ నిమిషానికో లెక్క చేసే వేగం నీకు అలవాటు చేశారు. ఆ వేగాన్ని పారేసుకోవద్దు, మాత్రికలు గుణించేటప్పుడు పనికొస్తుంది. కానీ ఇక్కడ నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమనే వాళ్ళుండరు. ఒక పేజీకి వారం పట్టవచ్చు. అది వెనకబడటం కాదు, ఈ పని నడిచే తీరే అంత.

వదిన ఉద్యోగం సంగతి అడుగుతోంది. న్యాయమైన ప్రశ్నే, దాన్ని తేలిగ్గా తీసుకోకు. టాటా సంస్థ ప్రవేశ పరీక్ష, ఎన్‌బీహెచ్‌ఎం ఉపకార వేతనం పరీక్ష, సీఎస్‌ఐఆర్ నెట్, మూడూ రాయి. వేతనం చేతికి వస్తుంటే ఇంట్లో సగం మాటలు ఆగుతాయి. గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పేరు ప్రఖ్యాతులకన్నా విద్యార్థులతో బోర్డు ముందు ఎంతసేపు నిలబడతారో కనుక్కో. ఆయన దగ్గర చదివిన అమ్మాయిలతో విడిగా మాట్లాడు. ఈ రెండు పనులూ చేయకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఇంకొకటి. నేర్చుకున్నది తెలుగులో చెప్పడం అలవాటు చేసుకో. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనది పదకొండో శతాబ్దమని చెబుతారు. అంత పాతకాలంలోనే మన భాషలో గణితం ఉంది. కే-2 లెక్కను మన ఇంటర్ పిల్లలకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలిగావంటే నీకు అది పూర్తిగా వచ్చినట్టు.

సెలవులకు వచ్చేటప్పుడు మిల్నర్ పుస్తకం తెచ్చుకో. ఎనిమిదిసార్లు ఎందుకు కావాలో, నాలుగు ఎందుకు చాలవో నాకు బోర్డు మీద చూపించాలి. వదినతో ఈలోగా నేను మాట్లాడతాను. దరఖాస్తుల గడువులు చూసి వెంటనే నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ మేనత్త